చెరపట్టిన తలంపును ఏమి చేయాలి?

నాయనా, ప్రభువు నామంలో వందనాలు. నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంత వరకు నీ సంగతి ఇది. వయసు ఇరవై ఆరు. కర్నూలులో గది తీసుకుని గ్రూప్ పరీక్షలకు చదువుతున్నావు. మోకాళ్ళ మీద ఉన్నప్పుడు, ముఖ్యంగా ప్రభు బల్ల దగ్గర రొట్టె, పాత్ర తీసుకునేటప్పుడు, యేసును గురించి నోటితో చెప్పలేని బూతు మాట ఒకటి మనసులోకి వస్తోంది. పొలం పంపకంలో అన్యాయం చేసిన పెదనాన్న మీద కోపం రాత్రి నిద్ర పట్టనివ్వడం లేదు. పగలు పుస్తకం తెరిస్తే చేయి ఫోను మీదికి పోతోంది. “ప్రతి ఆలోచనను క్రీస్తుకు లోబడునట్లు చెరపట్టి” అన్న వాక్యం మీద ప్రసంగం విన్నప్పటి నుంచి వారానికి మూడు రోజులు ఉపవాసం ఉంటున్నావు. ఏడు నెలలుగా బల్ల తీసుకోవడం మానేశావు. నలుగురు పాస్టర్లను కలిశావు. తలంపులు పెరిగాయే గాని తగ్గలేదు. నాకు రక్షణ ఉందా లేదా అన్నది నీ చివరి ప్రశ్న.

నేను పాస్టరును కాను. కె.సి. (కర్నూలు–కడప) కాలువ మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. అన్నేళ్ళూ సండే స్కూలులో పాఠం చెప్పాను, యువకుల కూటం నడిపాను. నువ్వు చెప్పిన ఆ బూతు మాట సంగతిని తలుపు దగ్గరగా వేసి, తల వంచుకుని నాతో చెప్పినవాళ్ళు నీకు ముందు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఇద్దరు ఇప్పుడు సంఘ పెద్దలు. నా చిన్న కొడుకు వయసువాడివి కాబట్టి నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోవద్దు.

ముందుగా ఆ ఉపవాసాలు ఆపు. ఏలీయా బదరీవృక్షం కింద కూర్చుని చావు కోరుకున్నప్పుడు దూత అతనికి ప్రసంగం చేయలేదు. అప్పం పెట్టాడు, నీళ్ళు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, లేపి మళ్ళీ అప్పమే పెట్టాడు. ప్రభువు మాట ఆ తరువాత వచ్చింది. పస్తులతో, నిద్ర లేకుండా మనసును అదుపు చేయాలనుకోవడం గట్టు తెగిన కాలువలో నీళ్ళు నిలపాలనుకోవడమే. కడుపునిండా తిని, రాత్రి పదకొండుకల్లా పడుకో. మిగతా మాటలు అప్పుడే పనికివస్తాయి.

ఇక ఆ వాక్యం. 2 కొరింథీయులకు పదో అధ్యాయం మొత్తం ఒకసారి చదువు. కొరింథులో కొందరు పౌలును చులకన చేస్తున్నారు. ఉత్తరాలు ఘనంగా ఉంటాయి గాని మనిషి ఎదుట పడితే బలహీనుడు, ప్రసంగం కొరగానిది అని చెప్పుకుంటున్నారు. సంఘాన్ని పక్కకు లాగుతున్న ఆ వాదాలతో తాను ఎలా పోరాడతాడో పౌలు ఇక్కడ చెబుతున్నాడు. “దుర్గములను” పడద్రోయడం, “వితర్కములను” పడద్రోయడం, ఆ తరువాత చెరపట్టడం, ఇదంతా కోట ముట్టడి భాష. మన కొండారెడ్డి బురుజు కింద నిలబడి చదివితే ఆ బొమ్మ ఇంకా బాగా అర్థమవుతుంది. ప్రార్థనలో కుర్రవాడి బుర్రలో మెరిసి మాయమయ్యే మాటను గురించి పౌలు ఆ చోట ఆలోచించడం లేదు. ఆ వచనాన్ని మన సొంత తలంపులకు అన్వయించకూడదని నేను అనను, నేనూ అన్వయించుకుంటాను. అయితే అన్వయించేటప్పుడు దాని బొమ్మ చెడగొట్టకూడదు.

ఆ బొమ్మలో నీ పాస్టరు గారు చెప్పకుండా వదిలేసినది ఒకటుంది. గ్రీకులో చెరపట్టడం అన్న ఆ మాట పుట్టింది ఈటెతో పట్టుబడిన యుద్ధఖైదీ అన్న మాటలో నుంచి. పట్టుబడిన ఖైదీ బతికే ఉంటాడు. గొలుసుతో నడుస్తాడు, కేకలు వేస్తాడు, తిడతాడు కూడా. అంతమాత్రాన కోట అతని చేతిలో ఉన్నట్టు కాదు. నువ్వేమో ఖైదీ నోరు మూతపడితేనే గెలిచినట్టు అనుకుంటున్నావు. అతను అరిచిన ప్రతిసారీ కోట పోయిందని ఏడుస్తున్నావు.

ఇంకొక సంగతి. ఇక్కడ “ఆలోచన” అని వచ్చిన గ్రీకు మాటే ఫిలిప్పీయులకు 4:7లో “మీ తలంపులకును కావలియుండును” అన్నచోట కూడా ఉంది. అక్కడ కావలి కాసేది మనం కాదు, దేవుని సమాధానం. ఆ కావలి అన్న మాట కూడా సైనికులదే, ఊరికి కాపలాగా పెట్టే దండును గురించి వాడేది. ఫిలిప్పీ రోమా వారి వలస పట్టణం, రిటైరైన సైనికులకు అక్కడ భూములిచ్చారు, కాబట్టి ఆ మాట వాళ్ళకు విడమరచి చెప్పాల్సిన పని లేదు. ఒక చోట పట్టుకోమన్నాడు, ఇంకొక చోట కాపలా దేవునిదే అన్నాడు. నువ్వు పగలూ రాత్రీ రెండు డ్యూటీలూ ఒక్కడివే చేస్తున్నావు. నిద్ర ఎక్కడిది మరి?

నువ్వు మూడు తలంపులనూ ఒకే మూటగా కట్టావు. నా లెక్కలో అవి మూడు వేర్వేరు రకాలు, మూడింటికీ ఒకే మందు పనిచేయదు.

బల్ల దగ్గర వచ్చే ఆ మాట సంగతి ముందు చూద్దాం. అది నువ్వు కోరుకుంటే వస్తోందా? లేదు. వచ్చాక దాన్ని ఆస్వాదిస్తున్నావా? అసహ్యించుకుంటున్నావు. నువ్వు దేన్ని అన్నిటికంటే పవిత్రమని అనుకుంటావో సరిగ్గా దాని మీదికే వస్తోంది. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లికి “జారవిడిస్తే?” అన్న భయంకరమైన ఊహ మెరుస్తుంది చూడు, ఇదీ ఆ జాతిదే. ఆమె బిడ్డను ద్వేషిస్తున్నట్టు ఎవరూ అనరు. యాత్రికుని ప్రయాణము రాసిన జాన్ బన్యన్ గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. ఆయన 1666లో తన అనుభవాన్ని గురించి మరో పుస్తకం రాశాడు. క్రీస్తును “అమ్మేయి, అమ్మేయి” అన్న మాట ఏడాది పాటు తిండి దగ్గర, పని దగ్గర తనను వదలలేదని అందులో చెప్పుకున్నాడు. అమ్మను, అమ్మను అని ఎన్నిసార్లు జవాబిచ్చినా అది ఆగలేదట. ఎదురు జవాబు ఇచ్చేకొద్దీ అది మళ్ళీ అడిగింది.

దీనికి కారణం దయ్యమే కానక్కరలేదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేశాడు. కొందరిని కూర్చోబెట్టి, అయిదు నిమిషాలు తెల్ల ఎలుగుబంటిని తలుచుకోవద్దు, తలపుకు వస్తే గంట కొట్టండి అన్నాడు. గంటలు మోగుతూనే ఉన్నాయి. పైగా ఆ తరువాత తలుచుకోవచ్చని చెప్పినప్పుడు, మొదటి నుంచీ స్వేచ్ఛగా తలుచుకున్నవాళ్ళకంటే వీళ్ళకే అది ఎక్కువగా వచ్చింది. ఏదైనా రాకూడదని కాపలా కాయాలంటే అది వచ్చిందా అని మాటిమాటికీ చూసుకోవాలి గదా. నువ్వు ఏడు నెలలుగా ఆ గంటే కొడుతున్నావు.

అందుకని ఆ మాటతో వాదించకు, దానికి క్షమాపణ చెప్పకు, దాన్ని తుడిచేయడానికి ఇంకొక ప్రార్థన మొదలుపెట్టకు. ప్రార్థిస్తున్నప్పుడు వచ్చిందా, రానీ. వాక్యం మధ్యలో ఆగకు, ముందు అన్న మాటను మళ్ళీ మొదటి నుంచి అనకు, సాగిపో. సంత రోజు బజారులో ఎవడో అరుస్తూ పోతుంటే మనం నడక ఆపం.

బల్లకు దూరంగా ఉండాల్సిన పని కూడా లేదు. “అయోగ్యముగా” అన్న మాట నిన్ను భయపెట్టింది. 1 కొరింథీయులకు 11లో పౌలు ఆ మాట ఎందుకు అన్నాడో అయిదారు వచనాల పైన ఉంది: ఉన్నవాళ్ళు ముందే వచ్చి తిని తాగుతున్నారు, లేనివాళ్ళు ఆకలితో చూస్తున్నారు. పేదవాడిని అవమానించినవాళ్ళకు పెట్టిన చీవాట్లు అవి. “అయోగ్యముగా” అన్న వచనం తరువాతి వచనం కూడా చివరిదాకా చదువు. తన్ను తాను పరీక్షించుకొని “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని” అని ఉంది. పరీక్షించుకొని మానుకో అని లేదు.

ఇంకొక మాట, దీన్ని తేలికగా తీసుకోవద్దు. ఆ తలంపులు రోజుకు గంటల సేపు పట్టి పీడిస్తుంటే, వాటిని పోగొట్టుకోవడానికి అదే ప్రార్థన లెక్కపెట్టి చేస్తుంటే, ప్రతి పాస్టరునూ అదే ప్రశ్న అడగకుండా ఉండలేకపోతుంటే, దానికి వైద్యంలో ఒక పేరుంది, అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్. భక్తిపరులకు అది భక్తి రూపంలోనే పడుతుంది. చికిత్స ఉంది. మందులున్నాయి, పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. మందు లేకుండా, ఆ భయాన్ని ఎదుర్కొంటూ దానికి లొంగి చేసే పనిని మానుకునే శిక్షణ కూడా ఉంది. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆసుపత్రికి వెళ్ళడానికి బెరుకైతే ముందు 14416కు ఫోను చేయి, టెలీ మానస్ వాళ్ళది, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడతారు.

“విశ్వాసం ఉన్నవాడికి మాత్ర ఎందుకు?” అని మీ సంఘంలో ఎవరైనా అంటారేమో. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ పొంగి కర్నూలు మునిగింది. మామూలు రోజుల్లో కాలువ నీటిని లస్కరు ఒక చేత్తో షట్టరు తిప్పి అదుపు చేస్తాడు. ఆ రోజు ఎన్ని షట్టర్లు తిప్పినా ఏమవుతుంది? నీళ్ళు తీశాక ఏ లస్కరునూ ఎవరూ నీకు పనిమీద శ్రద్ధ లేదు అనలేదు. వరద వచ్చినప్పుడు పడవలు పిలిపించారు.

రెండోది పెదనాన్న. ఇక్కడ మాత్రం నిన్ను అంత తేలికగా వదలను, ఎందుకంటే ఈ తలంపు నీకు ఇష్టం. కోపగించుకోకు. నాకూ ఇష్టంగానే ఉండేది.

ఒకప్పుడు ఒక పిల్లకాలువకు గండి పడితే ఒక అధికారి ఆ తప్పు నా మీదికి తోశాడు. ఇంక్రిమెంటు ఆగింది. రెండేళ్ళు నేను కాలువ గట్టు మీద నడుస్తూ ఆయనతో వాదించాను. నా మనసులో కోర్టు పెట్టాను. ఆయన ఒకటి అనేవాడు, నేను పది అనేవాడిని, చివరికి ఆయన తల దించుకునేవాడు. ఎన్నిసార్లు గెలిచానో లెక్క లేదు. ఏడెనిమిది కిలోమీటర్లు నడిచి వచ్చాక ఏ తూము తెరిచి ఉందో, ఏది మూసి ఉందో గుర్తుండేది కాదు. నిజం చెప్పాలంటే జీతం ఆ చూడటానికే ఇస్తున్నారు.

మా సంఘంలో ఒక పెద్దమ్మ ఉండేది. చదువు రాదు, కూలి పని. పత్తి తీస్తూ, కలుపు తీస్తూ 103వ కీర్తన లోపల గొణుక్కునేది. వినీ వినీ నేర్చుకున్నదే. ఒకరోజు నా గోడు ఆమెకు చెప్పాను. అంతా విని అడిగింది: “ఆ సారు నీ లోపల మాట్లాడతాడంటున్నావే నాయనా, ఆయనకు మాటలు ఎవరు అందిస్తున్నారు?”

నాటకాలు చూసినవాళ్ళకు ఆ మాట వెంటనే తగులుతుంది. తెర పక్కన నిలబడి పద్యం అందించేవాడిని నేనే. ఆయన అన్న మాటలు రెండు, నేను అందించినవి రెండు వేలు. ఆయన చేసిన అన్యాయం నిజమే, అయినా రెండేళ్ళుగా రోజూ నన్ను బాధపెట్టింది నేను రాసిన పాత్ర.

ఆ పెద్దమ్మ తరువాత అన్న మాట నాకు నచ్చలేదు. ఆయన పిల్లల పేర్లు తెలుసుకుని, కోపం వచ్చిన ప్రతిసారీ ఆ పిల్లల కోసం ఒక్క నిమిషం ప్రార్థన చేయమంది. పళ్ళు బిగించి చేశాను. ఆయన మీద ప్రేమ పుట్టుకు రాలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. అయితే ఒకే నోటితో ఆ పిల్లల జ్వరం తగ్గాలని అడుగుతూ వాళ్ళ నాన్నను బోనులో నిలబెట్టడం కుదరలేదు. కోర్టు మెల్లగా వాయిదాలు పడి, ఎప్పుడు మూతపడిందో నాకే తెలియదు.

నీ పెదనాన్న విషయంలో దీనికి ఒకటి కలుపుతాను. తలంపులను అదుపు చేసుకోవడమంటే అన్యాయాన్ని మింగడం కాదు. “కోపపడుడి గాని పాపము చేయకుడి” అన్నది కూడా వాక్యమే. మీ సేవకు వెళ్ళి పొలం రికార్డులు, అంటే అడంగల్, 1బి తీయించు. మీ నాన్నను వెంటబెట్టుకుని పెద్దమనుషుల ముందు మాట్లాడు, అవసరమైతే వకీలును కలువు. పగలు చేయగలిగిన పని పగలు చేసేయి. రాత్రి పదకొండు తరువాత మనసు ఆ ఫైలు తెరిస్తే, “ఈ సంగతి రేపు పది గంటలకు” అని చెప్పి మూసేయి. అర్ధరాత్రి రెండు గంటలకు నా గురించి గాని, బంధువుల గురించి గాని నేను చేసిన తీర్పు ఒక్కటి కూడా తెల్లవారాక నిలబడలేదు.

మూసేశాక ఖాళీగా ఉంటే మాత్రం కష్టం. మత్తయి 12లో వెళ్ళిపోయిన అపవిత్రాత్మ తిరిగి వచ్చి ఇల్లు ఊడ్చి, అమర్చి, ఖాళీగా ఉండటం చూసి ఇంకో ఏడింటిని తోడు తెచ్చుకుంటుంది. ఇల్లు శుభ్రంగానే ఉంది పాపం, లోపల కాపురం ఉండేవాళ్ళే లేరు.

అందుకే ఆ పెద్దమ్మ గొణుగుడు నీకు నేర్పాలని ఉంది. మొదటి కీర్తనలో “దివారాత్రము దానిని ధ్యానించువాడు” అని ఉంది గదా. ధ్యానం అనగానే మనకు కళ్ళు మూసుకుని నిశ్శబ్దంగా కూర్చున్న బొమ్మ వస్తుంది. అక్కడి హెబ్రీ మాటకు అర్థం వేరు, అది నోటితో చేసే శబ్దం. యెషయా 31లో వేట మీద నిలబడి గుర్రుమనే సింహానికీ అదే మాట, 38లో “గువ్వవలె మూల్గితిని” అన్నచోటా అదే మాట. అంటే మనసును ఖాళీ చేసుకోవడం కాదు, నోట్లో ఒక ముద్ద పెట్టుకుని నమలడం. చదువుకున్న మనం బైబిలు మూసి “ధ్యానం చేశాను” అంటాం. అక్షరం రాని ఆమె హెబ్రీ పద్ధతిలో చేసేది.

పెద్దది వద్దు, ఒక కీర్తన తీసుకో. 23 అందరికీ వచ్చు కాబట్టి పెదవుల మీద జారిపోతుంది, 103 గాని 121 గాని పట్టు. రోజుకు ఒక్క వచనం. పొద్దున్నే కాలువ గట్టు మీద నడుస్తూ బయటికి వినబడేలా గొణుగు. ప్రభువు అరణ్యంలో శోధకుడికి ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాలవే. అప్పటికప్పుడు వెతికి తెచ్చినవి కావు, ముందే నోట ఉన్నవి. మూడూ ఎంత చిన్నవో కూడా చూడు. ఆయన శోధకుడితో చర్చకు దిగలేదు. ఒక హెచ్చరిక: దీన్ని బూతు మాటను తుడిచే గుడ్డగా వాడకు, అది పైన చెప్పిన ఎలుగుబంటి కథే అవుతుంది. తలంపు వచ్చినా రాకపోయినా నడకకు వెళ్ళి గొణుక్కోవాలి, అంతే.

ఫోను సంగతి పెద్దగా చెప్పేది లేదు. చదివేటప్పుడు దాన్ని పక్క గదిలోనో, ఇంటి యజమాని దగ్గరో పెట్టు. షట్టరు దించకుండా పొలంలో నీళ్ళు తోడటం తెలివైన పని కాదు. అయితే నువ్వు రాసినదాంట్లో ఒకటి నన్ను నవ్వించింది: పగలు పదకొండు దాటితే చాలు, పుస్తకం చూస్తే విసుగు, ఎవరైనా గదికి వస్తే బాగుండని కిటికీలో నుంచి చూడటం. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్ అనే సన్యాసి సరిగ్గా దీన్నే వర్ణించాడు. పది నుంచి రెండు దాకా ఇది వస్తుందనీ, సూర్యుడు కదలనట్టు ఉంటుందనీ, కిటికీ వైపు చూడాలనిపిస్తుందనీ, ఉన్న చోటు మీద, చేసే పని మీద ఏవగింపు పుట్టిస్తుందనీ రాశాడు. 91వ కీర్తనలోని “మధ్యాహ్నమందు పాడుచేయు” దానితో పోల్చేవారు దాన్ని. కర్నూలు మే నెల మధ్యాహ్నం, రేకుల గది, గ్రూప్ పరీక్షల పుస్తకం అన్నీ ఒకచోట చేరితే ఎడారి సన్యాసికీ నీకూ పెద్ద తేడా లేదు. ఆయన మందు కూడా మామూలుదే: లేచి పోకు, కూర్చున్న చోటే ఉండు, చేతిలో ఉన్న పనిని కొంచెం ముందుకు జరుపు. పాపం లెక్కలో వేసుకోవద్దు, అది ఎండ.

ఆ ఎవాగ్రియస్ మాట ఇంకొకటి నాకు చాలా ఇష్టం. ఈ తలంపులు మనల్ని ఇబ్బంది పెట్టడమా మానడమా అన్నది మన చేతిలో లేదు, అవి తిష్ట వేయడమా లేదా అన్నది మన చేతిలో ఉంది అంటాడు. నేను దాన్ని మన కాలువ లాకులతో కలిపి గుర్తుపెట్టుకున్నాను. 1860లలో ఈ కాలువ తవ్వినప్పుడు సాగుకే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. పడవ లాకులోకి వస్తుంది, వెనుక తలుపు పడుతుంది, ముందు తలుపు ఇంకా తెరవరు. ఆ కాసేపు పడవ ఎటూ పోలేదు. పెదనాన్న తలంపు వచ్చినప్పుడు ఆ రెండు తలుపుల మధ్య దాన్ని ఆపి, “ప్రభువా, ఇదిగో ఇది వచ్చింది” అని చూపించడం నాకు తెలిసిన చెరపట్టడం. చాలాసార్లు ముందు తలుపు తెరిచేశాక గుర్తొస్తుంది. అప్పుడు చెప్పినా సరే.

ఇక నీ చివరి ప్రశ్న. నీ పాపాల కోసం క్రీస్తు చనిపోయాడు, నువ్వు ఆయనను నమ్మావు, నీకు రక్షణ ఉంది. ఈ మాట నేను ఒక్కసారే చెబుతాను. రేపు నువ్వు మళ్ళీ అడిగితే జవాబు ఇవ్వను. మొండితనం అనుకోకు. నలుగురు పాస్టర్లు చెప్పినా నీకు చాలలేదు, అయిదో మనిషి చెబితే ఆరో మనిషి కావాలి. అడిగిన కాసేపు తేలికగా ఉంటుంది, సాయంత్రానికి అనుమానం మళ్ళీ ఆకలి అంటుంది. ధైర్యం కోసం ఈ జవాబును కూడా పదే పదే తెరిచి చదవకు.

వచ్చే ఆదివారం బల్ల ఉంటే వెళ్ళు. ఆ మాట వస్తుంది, నువ్వు ఎదురుచూస్తున్నావు కాబట్టి తప్పకుండా వస్తుంది. రానీ. చేయి చాచి రొట్టె తీసుకో.